రాజనీతి – కార్ఖానా నీతి: ఆముక్తమాల్యద 'నిర్వహణ' పఠనాలు, ఉదయగిరి – ఆత్మకూరు చిరుయజమాని

సారాంశం

ప్రాచీన తెలుగు కావ్యాలలో నిర్వహణశాస్త్ర సూత్రాలను వెదకడం ఇటీవలి పరిశోధనలో ఒక ప్రత్యేక ధోరణిగా స్థిరపడింది. శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలోని రాజనీతి ఘట్టం ఇందుకు ప్రధాన ఆకరం. ఈ పఠనాలు రాజును యజమానికీ, మంత్రిని మేనేజరుకూ, రైతును ఉద్యోగికీ సమానం చేసి ముగుస్తున్నాయి. రాయలు 1514లో గెలుచుకున్న ఉదయగిరి, దాని పొరుగున ఉన్న ఆత్మకూరు నేడు చిన్న చిన్న పనిశాలల ప్రాంతాలు. అక్కడి చిరుయజమాని స్థితిని ముందుంచుకొని ఆ సమీకరణాన్ని పరీక్షించడం, సుమతీశతకంలోని జీతగాని దృష్టినీ, దూబగుంట అక్షరాస్యతా పాఠం నడిపిన సామూహిక నాయకత్వాన్నీ దానికి ఎదురు నిలిపి చూడడం ఈ వ్యాసం చేసే పని.

కీలకపదాలు: ఆముక్తమాల్యద, రాజనీతి, సుమతీశతకం, ఉదయగిరి కొయ్య సామగ్రి, చిరువ్యాపారం, యజమాని, నాయకత్వం, దూబగుంట, పొదుపులక్ష్మి.

1. ప్రవేశిక

కళాశాల సదస్సుల ప్రత్యేక సంచికలు తిరగవేసినవారికి ఒక వ్యాస నమూనా సుపరిచితం. శీర్షికలో ఒక ప్రాచీన కావ్యం పేరు, దాని పక్కన 'నిర్వహణ సూత్రాలు' లేదా 'నాయకత్వ లక్షణాలు' అన్న మాట ఉంటుంది. లోపల ఏడో ఎనిమిదో అంశాలు వరుసగా కనిపిస్తాయి. ప్రతి అంశం కింద ఒక పద్యం, దానికి తాత్పర్యం, ఆ వెంటనే "నేటి సంస్థలకు ఇది ఎంతో ఆవశ్యకం" అనే భావం వచ్చే వాక్యం. పద్యానికీ నేటి సంస్థకూ మధ్య అయిదు వందల ఏళ్ళున్నాయన్న స్పృహ ఆ వాక్యంలో కనిపించదు. 'నేటి సంస్థ' అంటే ఏది అన్న ప్రశ్న కూడా తలెత్తదు. వేలమంది ఉద్యోగులున్న కంపెనీయా, నలుగురు పనివాళ్ళతో నడిచే వడ్రంగి కొట్టమా?

ఈ ప్రశ్నను ఉదయగిరి నుండి అడగడానికి కారణం ఉంది. ఆముక్తమాల్యద కర్తకు ఉదయగిరి ఊహాలోకపు దుర్గం కాదు. దీర్ఘకాల ముట్టడి తరువాత 1514లో గజపతుల నుండి ఆయన గెలుచుకున్న కొండకోట అది. అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని తరలించి 1515లో హంపీ కృష్ణాలయంలో ప్రతిష్ఠించడం చరిత్ర ప్రసిద్ధం. ఆ కోట పాదంలో ఉన్న ఊరికి నేడు మరో ప్రసిద్ధి ఉంది. దుర్గం కొండల్లో దొరికే నర్ది, బిక్కి, పాలబరికి వంటి కర్రలతో చెక్కే చెంచాలు, ఫోర్కులు, గరిటెలు భౌగోళిక గుర్తింపు పొందాయి. ఆ పని చేసేవి అధికంగా ముస్లిం కుటుంబాలు, అందులోనూ మహిళల చేతులు ఎక్కువ. ఆత్మకూరు వైపు వస్తే మెట్టభూమి, పొగాకు బ్యారన్లు, కుట్టుమిషన్ల దుకాణాలు, టిఫిన్ సెంటర్లు, మోటారు రిపేరు షెడ్లు కనిపిస్తాయి. నారంపేటలో చిన్న పరిశ్రమల కోసం పార్కు ఏర్పడింది. నెల్లూరు జిల్లా పడమటి భాగంలో 'యజమాని' అంటే సాధారణంగా ఇటువంటి చోట్ల పనివాళ్ళతో పాటు తానూ పనిచేసే మనిషి. నిర్వహణ పఠనాలు ఆ మనిషికి ఏమి చెప్పగలవో చూడాలి.

2. ఎవరు, ఎప్పుడు, ఎవరికి చెప్పిన నీతి?

రాజనీతి ఘట్టం ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసంలో, యామునాచార్యుని కథలో భాగం. యామునాచార్యుడు వంశక్రమంగా సింహాసనమెక్కినవాడు కాడు. పాండ్యరాజు సభలో వాదం గెలిచి రాజ్యాధికారం పొందినవాడు. భోగాలలో, పాలనలో మునిగి ఉన్న అతనికి శ్రీరామమిశ్రుడు శ్రీరంగనాథుని గుర్తుచేస్తాడు. అప్పుడు విరక్తుడై, కొడుకుకు పట్టం కట్టి, వెళ్ళిపోయే ముందు పాలన విధానం బోధిస్తాడు. అంటే రాజనీతి పదవిని వదిలిపెడుతున్నవాడి మాట. ఒక చేతి నుండి మరో చేతికి పని మారే క్షణంలో పుట్టిన పాఠం.

నిర్వహణ పఠనాలు సాధారణంగా ఈ కథాసందర్భాన్ని వదిలేస్తాయి. పద్యాలను సందర్భం నుండి ఊడదీస్తే అవి సర్వకాలీన సూక్తులుగా కనిపిస్తాయి. సందర్భంతో చదివితే అవి ఒక నిర్దిష్టమైన ఆందోళన నుండి పుట్టినట్లు తెలుస్తుంది. తాను కష్టపడి నేర్చుకున్నది కొడుకుకు అనుభవం లేకుండానే అందాలి, అది ఎలా? చిన్న వ్యాపారంలో అన్నిటికంటే పెద్ద సమస్య ఇదే. ఉదయగిరిలో కర్రను చూడగానే ఏది పగులుతుందో, ఏది నునుపుకు లొంగుతుందో చెప్పగల చెయ్యి ఒక తరంతో ఆగిపోతే ఆ పనిశాల ఆగిపోయినట్లే. ఘట్టం మొత్తాన్ని బదలాయింపు పాఠంగా చదవడం ద్వారా దొరికే ఈ సాదృశ్యం, మంత్రిని మేనేజరు అనడం కంటే ఎంతో సార్థకమైనది. దురదృష్టవశాత్తు అదే చదవబడలేదు.

విద్వల్లోకం ఈ ఘట్టాన్ని వేరుగా చదివింది. వేదం వేంకటరాయశాస్త్రి వ్యాఖ్య పద్యార్థ నిర్ణయానికి నేటికీ ఆధారం. 1920లలో ఎ. రంగస్వామి సరస్వతి చేసిన ఆంగ్లానువాదం దీన్ని చరిత్రకారుల బల్ల మీదికి తెచ్చింది. 2004లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం దీన్ని ధర్మశాస్త్రం నుండి విడదీసి, లౌకికమైన నీతి సంప్రదాయంలో, పాలన అనుభవం నుండి వచ్చిన రచనగా నిలిపారు. ఈ మూడు దశల కృషి నుండీ నిర్వహణ పఠనాలు స్వీకరించింది స్వల్పం. చివరిదాన్నైనా శ్రద్ధగా చదివి ఉంటే, అనుభవం నుండి పుట్టిన నీతి ఆ అనుభవపు హద్దులను కూడా మోసుకొస్తుందన్న ఎరుక కలిగేది.

ఆ హద్దులు చిన్నవి కావు. కోటలను బ్రాహ్మణుల చేతిలో పెట్టమంటుంది రాజనీతి. వేగులను నియోగించమంటుంది. వనచరులతో పనిపడినప్పుడు కోపం వల్ల లాభం లేదనీ, అది మట్టిగోడను కడగడం వంటిదనీ, మాట నిలబెట్టుకొని చిన్న చిన్న మర్యాదలతో వారిని తనవైపు తిప్పుకోవాలనీ చెబుతుంది. చివరి సలహాలో లోకజ్ఞత ఉంది, చిన్నచూపూ ఉంది. నిర్వహణ వ్యాసాలు మాట నిలబెట్టుకోవడాన్ని తీసుకొని 'విశ్వసనీయత' అని శీర్షిక పెడతాయి. మట్టిగోడ పోలికను మాత్రం పక్కకు నెడతాయి. కొండ కర్ర మీద బతికే ఊరి నుండి చదివేవారికి ఆ పోలికే ముందుగా కనిపిస్తుంది. ఏరిన పద్యాలతో నీతిశాస్త్రం తయారుచేయడం నేరమేమీ కాదు, శతాబ్దాలుగా సంకలనకర్తలు చేసిన పనే. అయితే ఏరినట్లు చెప్పకపోవడం పరిశోధనలో దోషం.

3. వెళ్ళిపోయినవారిని పిలవడం

రాజనీతిలో చిరుయజమానికి నిజంగా తగిలే పద్యాలు లేవా? ఉన్నాయి. వాటిలో అగ్రగణ్యమైనది నిర్వహణ వ్యాసాల జాబితాలలో తరచుగా వెనుకబడిపోతుంది. కష్టానికి తాళలేక ప్రజలు ఊరు విడిచి పోతే, వారిని తిరిగి పిలిపించే ఆలోచన చేయక, వారి పశువులనూ ధాన్యాన్నీ అమ్ముకొని, ఇళ్ళ కొయ్యను వంటచెరకు చేసుకొనే అధికారి యుద్ధభూమిలో తిరిగే నక్క వంటివాడనీ, అటువంటివాడిని పెట్టుకొన్న రాజు సప్తద్వీపాలు గెలిచినా బాగుపడడనీ ఆ పద్యభావం. దీనికి జంటగా చెరువులు, కాలువలు తవ్వించి, పేద రైతుకు పన్ను తగ్గించి నిలబెడితే ధర్మమూ అర్థమూ రెండూ పెరుగుతాయన్న పద్యం ఉంది.

నక్క పోలికలోని తీవ్రత గమనించదగినది. వలసను రాయలు వెళ్ళిన మనిషి దోషంగా చూడలేదు. వెళ్ళడానికి కారణం పాలనలో ఉందని మొదటే అంగీకరించి, తీర్పును మిగిలిపోయిన అధికారి మీద పెట్టాడు. ఆధునిక సంస్థల పరిభాషలో ఉద్యోగుల నిష్క్రమణ ఒక శాతంగా, ఒక ఖర్చుగా నమోదవుతుంది. ఇక్కడ అది పాలకుని నైతిక పరీక్ష.

పడమటి నెల్లూరు మెట్టలో వలస కొత్త మాట కాదు. వాన తప్పిన ఏడు బెంగళూరుకో చెన్నైకో హైదరాబాదుకో బయలుదేరే కుటుంబాలలో చేతిపని తెలిసినవారూ ఉంటారు. కొయ్య చెంచా చెక్కే కుర్రవాడు నగరంలో ఇంటీరియర్ పనికి వెళితే, ఉదయగిరి యజమాని కోల్పోయేది ఒక జత చేతులను మాత్రమే కాదు, ఆ చేతులకు తాను పెట్టిన ఏళ్ళ శిక్షణను. పొగాకు ప్రాంతంలో పరిస్థితి వేరు. డి.సి.పల్లి, కలిగిరి వేలం కేంద్రాలకు ఆకు పంపే బ్యారన్ యజమానికి పనివాళ్ళు కాలానుగుణంగా కావాలి. ఆకు కోత, క్యూరింగ్, గ్రేడింగ్ ముగిశాక సంబంధం సడలుతుంది. తరువాతి ఏడు అదే ముఠా రావాలంటే ముందే అడ్వాన్సు ఇవ్వాలి. అడ్వాన్సు ఇక్కడ పిలుపూ అవుతుంది, కట్టుకొయ్యా అవుతుంది. రాయల పద్యం పిలవమని చెప్పింది గాని, పిలుపు బంధనంగా మారే చోటును చెప్పలేదు. రాజుకు ఆ తేడా అవసరం లేదు. ఎనిమిది మంది గ్రేడింగ్ కూలీలకు చేబదులు ఇచ్చి, తానే బ్యాంకుకు బాకీపడ్డ బ్యారన్ యజమానికి అది ప్రతి ఏటా ఎదురయ్యే ప్రశ్న.

రాజనీతిలోని మరో సూక్ష్మం కూడా చిన్న పనిశాలకు చెందుతుంది. ఒకరిని ఒక్కసారిగా పైకెత్తి ఆ తరువాత తగ్గిస్తే, అతడు తన పాత స్థితిని మరిచి, తగ్గించిన అవమానాన్నే గుర్తుంచుకుంటాడు. కనుక శీలం కనిపెట్టి క్రమంగా పెంచమంటుంది. పదిమంది మేనేజర్లున్న చోట ఒక తప్పు పదోన్నతి సర్దుకుపోతుంది. నలుగురున్న కొట్టంలో ఒకరిని 'పెద్ద పనివాడు' అని పిలిచి మళ్ళీ వెనక్కు తీయడమంటే మిగిలిన ముగ్గురి ఎదుట జరిగే పని, సాయంత్రానికి ఊరంతా తెలిసే పని. రాయలకు ఈ అనుభవం లేఖకవర్గం నుండే ఉండి ఉంటుంది. ఉదయగిరి జయించిన తరువాత ఆ రాజ్యాన్ని అప్పగించిన రాయసం కొండమరుసు పేరులోనే రాజాజ్ఞలు రాసే ఉద్యోగం కనిపిస్తుంది. కలం నుండి కోటకు సాగిన ఎదుగుదల అది.

4. వెళ్ళిపోయేవాడి పద్యం

రాజనీతి ఎంత ఉదారంగా మాట్లాడినా నిలిచిన చోటు సింహాసనమే. పనిచేసేవాడు ఆ పద్యాలలో పోషింపదగినవాడు, పిలవదగినవాడు, పరీక్షింపదగినవాడు. అతడే మాట్లాడితే ఎలా ఉంటుందో తెలుగు నీతిసాహిత్యంలో వెదికితే, అందరూ బాల్యంలో వల్లించి, పెద్దయ్యాక మరిచిపోయే ఒక పుస్తకంలో దొరుకుతుంది. బద్దెనకు ఆరోపితమైన సుమతీశతకంలో, కోరిన జీతం ముట్టజెప్పని గర్విష్ఠి ప్రభువు దగ్గర కుమిలిపోవడం కంటే చురుకైన ఎడ్లజతతో సొంత సేద్యం చేసుకోవడం మేలన్న పద్యం ఉంది. బడిలో దీన్ని ఆత్మాభిమానం గురించిన పద్యంగా చెబుతారు. అది ఆత్మాభిమానం గురించినదే. అంతకు మించి, అది స్వయం ఉపాధి గురించి తెలుగులో వచ్చిన అతిస్పష్టమైన ప్రకటనలలో ఒకటి.

రాయల పద్యాన్నీ సుమతి పద్యాన్నీ ఎదురెదురుగా పెట్టాలి. మొదటిది, వెళ్ళిపోయినవాడిని పిలువు అని యజమానికి చెబుతుంది. రెండవది, నిలవాల్సిన అవసరం లేదని పనివాడికి చెబుతుంది. నిర్వహణ పఠనాలు మొదటిదాన్నే ప్రాచీన జ్ఞానంగా గుర్తించాయి. ఉదయగిరి, ఆత్మకూరులలోని చిరుయజమాని మాత్రం చాలా సందర్భాలలో రెండవ పద్యం నుండి వచ్చినవాడు. ఒకనాడు మరొకరి కొట్టంలో పని నేర్చి, కూలి గిట్టకనో, మాటపడలేకనో బయటికి వచ్చి, సొంత ఉలి, సొంత రంపం కొనుక్కున్నవాడే నేడు ఇద్దరికి పని చెబుతున్నాడు. అతని దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రవాడు రేపు అదే చేస్తాడు. ఇతడు రాజు స్థానంలోనూ ఉన్నాడు, ఎడ్లు కట్టుకొన్నవాడి స్థానంలోనూ ఉన్నాడు. రాజుకు ఈ ద్వంద్వం తెలియదు. యామునాచార్యునికి కొంత తెలుసు, కాని అతడు వెళ్ళింది మరొక కొలువుకు, శ్రీరంగనాథుని కొలువుకు.

చిరుయజమానికి 'నాయకత్వం' బోధించేవారు ఈ ద్వంద్వాన్ని చూడకపోతే బోధ పొల్లుపోతుంది. తన దగ్గర పని నేర్చినవాడు రేపు పోటీదారుడవుతాడని తెలిసి పని నేర్పాలా? నేర్పకపోతే నేడు పని సాగదు, నేర్పితే రేపు గిరాకీ చీలుతుంది. రాజనీతిలో దీనికి సమాధానం లేదు. రాజు తన సేవకునికి రాజ్యం చేయడం నేర్పడు. సుమతిలోనూ లేదు, పద్యం మనిషి గడప దాటగానే ముగుస్తుంది. అతడు ఎడ్లు కట్టాక పాలేరును పెట్టుకుంటే ఆ పాలేరుకు ఏ పద్యం చెప్పాలో శతకకారుడు ఆలోచించలేదు.

సుమతి పద్యంలో ఎడ్లు మరో విషయాన్ని కూడా తెలుపుతాయి. స్వాతంత్ర్యానికి మూలధనం కావాలి. ఎడ్లూ మడీ లేనివాడికి ఆ పద్యం ఓదార్పు మాత్రమే. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకం ఈ ఎడ్లను ఇవ్వజూపింది. 18 చేతివృత్తులవారికి కొద్దిరోజుల ప్రాథమిక శిక్షణ, రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తరువాత 2 లక్షల వరకు రుణం. పథకం స్వయం ఉపాధిలో ఉన్న వ్యక్తిని ఉద్దేశించినది, కుటుంబానికి ఒక్కరికే వర్తిస్తుంది. ఉదయగిరి వంటి చోట కర్ర కోసేవారు ఒకరు, ఆకారం తీసేవారు ఒకరు, నునుపు పెట్టి నగిషీ చెక్కేవారు మరొకరుగా ఇల్లంతా ఒక పనిశాల. ఆ ఇంట్లో 'విశ్వకర్మ' ఎవరు? దరఖాస్తు మీద రాసే ఒక పేరు ఆ ఇంటిలోపల ఒక యజమానిని సృష్టిస్తుంది. అంతకు ముందు అక్కడ అటువంటి యజమాని ఉండకపోయి ఉండవచ్చు.

5. యజమాని, మేస్త్రి, ఉస్తాద్, వనరు

పరిభాష విషయంలో నిర్వహణ పఠనాలు చూపే నిర్లక్ష్యం సాహిత్య విద్యార్థులకు తగినది కాదు. 'మానవ వనరులు' అన్న అనువాదం వాడుకలో ఎంత స్థిరపడినా, మనిషిని బావినీళ్ళ, బొగ్గుగనుల వరుసలో కూర్చోబెడుతుందన్న అసౌకర్యం తీరదు. నలుగురున్న కొట్టంలో ఆ మాట ఎవరూ పలకరు. అక్కడ పలికే మాటలలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క సంబంధం ఉంది. 'జీతగాడు' కాలానికి కట్టుబడ్డవాడు. 'కూలి' రోజుకు లెక్క. 'పీసు లెక్క' వస్తువుకు లెక్క. పోర్చుగీసు నుండి వచ్చిన 'మేస్త్రి' పనికీ డబ్బుకూ మధ్య నిలిచేవాడు. పారశీకం నుండి వచ్చిన 'ఉస్తాద్' పని నేర్పినవాడు, అతనికి ఇచ్చే గౌరవం జీతంతో ముడిపడదు. ఒకే మనిషి ఒకరికి ఉస్తాదుగా, మరొకరికి మేస్త్రిగా ఉండగలడు. ఈ తేడాలన్నీ 'మానవ వనరుల నిర్వాహకుడు' అన్న మాటలో కరిగిపోతాయి.

'యజమాని' అన్న మాట ఇంకా ఆసక్తికరం. వైదికార్థంలో యజమానుడు యజ్ఞం చేయించి ఋత్విక్కులకు దక్షిణ ఇచ్చేవాడు. క్రతువు నడిపే విద్య ఋత్విక్కులది, ఫలం యజమానిది. నేటి చిరుయజమాని విషయంలో ఈ విభజన తలకిందులైంది. అతడే ఋత్విక్కు, అతడే దక్షిణ ఇవ్వవలసినవాడు, ఫలం మాత్రం తరచుగా పెద్దనగరపు దుకాణదారుకు చేరుతుంది. ప్రభుత్వ లేపాక్షి విక్రయశాలలు ఇందుకు ఒక ప్రత్యామ్నాయం కాగలిగాయి. అయినా సరుకు ఎప్పుడు, ఎంత కొంటారో తెలియనప్పుడు పనివాడికి నెలజీతం చెప్పే ధైర్యం యజమానికి ఉండదు, పీసు లెక్కే మిగులుతుంది. కొట్టంలో జీతపు పద్ధతిని నిర్ణయించేది యజమాని స్వభావం కంటే బజారు స్వభావమే ఎక్కువ. నాయకత్వ గుణాల జాబితాలలో బజారుకు చోటు ఉండదు.

మనుషులను సంఖ్యగా చూసే అలవాటు ఆధునికమని భావించనక్కరలేదు. ఉదయగిరి నుండి పాలించిన భాస్కర భవదూరుడు, మొదటి బుక్కరాయల కుమారుడు, 1369లో వేయించిన పోరుమామిళ్ళ చెరువు శాసనం మంచి చెరువుకు ఉండవలసిన 12 అంగాలను, ఉండకూడని 6 దోషాలను వివరిస్తుంది. వెయ్యిమంది కూలీలు రెండేళ్ళు పనిచేశారనీ, రాళ్ళు తోలడానికి 100 బండ్లు తిరిగాయనీ, ధనధాన్య వ్యయానికి లెక్కలేదనీ చెబుతుంది. ఇంత స్పష్టమైన పనిలెక్క మధ్యయుగ శాసనాలలో అరుదు. చెరువుకు దోషాలు చెప్పిన శాసనం చెరువు పనికి దోషాలు చెప్పలేదు. వెయ్యిమంది వెయ్యి అన్న అంకెగానే రాతిలో నిలిచారు.

6. దూబగుంట: వాచకం నుండి తీర్మానాల పుస్తకానికి

నాయకత్వం గురించి ఈ ప్రాంతం స్వయంగా రాసుకున్న పాఠం రాజనీతిలో కాక, వయోజన విద్యావాచకంలో దొరుకుతుంది. నేటి ఉదయగిరి నియోజకవర్గంలోని కలిగిరి మండలం దూబగుంటలో, 1990ల తొలినాళ్ళ అక్షరాస్యతా కార్యక్రమంలో మహిళలు చదివిన 'సీతమ్మ కథ' సారావ్యతిరేక ఉద్యమానికి ప్రేరకమైందని ఉద్యమ చరిత్రలన్నీ గుర్తించాయి. 1992లో దూబగుంట రోశమ్మ తదితరులు సారా దుకాణాన్ని మూయించారు. ఆ కదలిక జిల్లా దాటి రాష్ట్రమంతటా వ్యాపించి 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధానికి దారితీసింది.

సాహిత్య విమర్శ ఈ వాచకపాఠాన్ని ఉద్యమ నేపథ్యంగా పేర్కొంటుంది గాని, పాఠంగా దాన్ని చదవడానికి ఆసక్తి చూపలేదు. నిర్వహణ పఠనాల వైపు నుండి అయితే దాని ఉనికే లేదు. దాని సంబోధనను రాజనీతి సంబోధనతో పోల్చితే భేదం వెంటనే తెలుస్తుంది. రాజనీతిలో తెలిసిన ఒకరు తెలియని ఒకరికి చెబుతారు. రాత్రిబడిలో పాఠం అసంపూర్ణంగా ఆగుతుంది, మిగిలినది చదివినవారి మధ్య చర్చలో సాగుతుంది. కూలిడబ్బు ఇంటికి చేరకుండా సారా దుకాణంలో ఎలా ఆగిపోతోందో ఆ మహిళలకు ఏ శిక్షకుడూ చెప్పనక్కరలేదు. ఆ విషయం అచ్చులో, తమ మాటలో, పదిమంది నడుమ చూడడమే కొత్త. అక్కడ పుట్టిన నాయకత్వానికి పదవీ లేదు, పట్టాభిషేకమూ లేదు.

ఉద్యమం తరువాత నెల్లూరు జిల్లాలో విస్తరించిన పొదుపులక్ష్మి సంఘాలు రోజుకు ఒక రూపాయి దాచే పద్ధతితో మొదలయ్యాయి. వాటి ఆర్థిక ఫలితాల మీద విస్తారంగా రాశారు. భాషా, రచనా దృష్టితో చూస్తే అన్నిటికంటే విశేషమైనది తీర్మానాల పుస్తకం. ఎవరు వచ్చారు, ఎవరికి ఎంత అప్పు ఇవ్వాలని నిర్ణయించారు, ఎవరు కాదన్నారు, ఎవరు వేలిముద్ర వేశారు అన్నవి ఆ పుస్తకంలో నిలుస్తాయి. నిర్ణయం జరిగినప్పుడు దానికి సాక్షులు ఉన్నారన్న సంగతి కూడా నమోదవుతుంది. సంస్థాగత నిర్వహణలో ఉద్యోగి ఫిర్యాదు, సెలవు, జీతపు పెంపు గురించి పుస్తకాలు చెప్పే విధానాలన్నిటికీ మూలమైన ఊహ ఇదే. మాట మారకుండా ఉండాలంటే అది ఇద్దరికీ కనబడేలా రాసి ఉండాలి.

చిన్న కొట్టంలో ఇది ఎందుకు జరగదో కూడా ఆలోచించాలి. ఒకే ఊరి, ఒకే వీధి, చాలాసార్లు ఒకే బంధువర్గపు మనుషుల మధ్య కూలి రాసి పెట్టడం అపనమ్మకానికి గుర్తుగా కనిపిస్తుంది. "మన మధ్య రాతలెందుకు" అన్న మాట ప్రేమగానే వస్తుంది. తగాదా వచ్చిన రోజున ఆ ప్రేమే పనివాడి దగ్గర ఏ ఆధారమూ లేకుండా చేస్తుంది. యజమాని దగ్గర కూడా ఉండదు. ఇచ్చిన అడ్వాన్సు ఎంతో నిరూపించలేక పోగొట్టుకున్న యజమానులు ఏ మండలకేంద్రంలోనైనా కనిపిస్తారు. సంఘంలో అప్పు రాయించుకోవడానికి సంకోచించని మహిళ, అదే వీధిలోని కొట్టంలో తన పీసు లెక్క రాయించుకోవడానికి సంకోచిస్తుంది. సంఘంలో ఆమె సభ్యురాలు, కొట్టంలో ఆమె ఎవరన్నది మాటల్లోనూ రాతలోనూ తేలని విషయం.

రాజ్యం ఇక్కడ పెద్దగా తోడురాదు. ఉద్యోగుల బీమా సాధారణంగా 10 మంది, ప్రావిడెంట్ ఫండ్ 20 మంది ఉన్న సంస్థల నుండి మొదలవుతాయి. అయిదుగురున్న కొట్టం ఆ గడప బయట. ఆ గడపకు లోపల నిర్వహణ ఒక చట్టబద్ధ బాధ్యత, బయట అది పూర్తిగా నీతి. అందువల్లనే నీతిసాహిత్యాన్ని చిరువ్యాపారంతో కలిపి చదవాలన్న కోరిక మూలంలో తప్పు కాదు. చట్టం మౌనంగా ఉన్నచోట పద్యమే మాట్లాడుతుంది. ఏ పద్యం, ఎవరి పక్షాన అన్నదే విమర్శ తేల్చవలసిన విషయం. ఒక్క కావ్యం నుండి, ఒక్క సింహాసనం నుండి వచ్చిన పద్యాలతో ఆ మౌనాన్ని నింపే వ్యాసాలు, తెలియకుండానే, గడప బయట ఉన్న పనివాడికి వినిపించే ఏకైక గొంతుగా యజమాని గొంతును నిలుపుతున్నాయి. వ్యక్తిత్వవికాస గ్రంథాలు ఈ పనిని బహిరంగంగానే చేస్తాయి. ఎక్కవలసిన మెట్ల మీద ఒక్కరికే చోటు ఉంటుందని అవి దాచవు. పరిశోధన వ్యాసం ప్రాచీనత్వపు అండతో అదే చేయడం మరింత ఆలోచించవలసినది.

7. 'ఉత్పత్తిదారు' ఎవరు?

ఉదయగిరి కొయ్య సామగ్రికి భౌగోళిక గుర్తింపు వచ్చిన చట్టం 1999 నాటిది. అందులో 'ఉత్పత్తిదారు' నిర్వచనం చేతివృత్తుల విషయంలో వస్తువును తయారుచేసేవాడిని పేర్కొంటూనే, ఆ తయారీలో వ్యాపారం చేసేవాడిని కూడా కలుపుకుంటుంది. ఒకే పదం కింద చెక్కిన చెయ్యీ, అమ్మిన చెయ్యీ చేరాయి. చట్టదృష్టిలో ఇది సౌలభ్యం కావచ్చు. పనిశాల దృష్టిలో మాత్రం పాత ప్రశ్న మళ్ళీ లేస్తుంది. అధీకృత వినియోగదారుగా పేరు నమోదు చేయించుకునేది ఎవరు? దరఖాస్తు చేయగలవాడు, కాగితం ఉన్నవాడు, తిరగడానికి తీరిక ఉన్నవాడు. పీసు లెక్క మీద నగిషీ చెక్కే ఆమెకు దరఖాస్తు చేసే హక్కు లేదని చట్టం ఎక్కడా అనలేదు. అయితే ఆమె నమోదు చేయించుకుంటే సుమతి పద్యంలోని ఎడ్లజత దిశగా ఒక అడుగు వేసినట్లే, ఆ అడుగును యజమాని ఎలా చూస్తాడన్నది మరో మాట.

ఆమె పేరు నమోదుకు యజమానే తోడుపడిన కొట్టాలు, అడ్డుపడిన కొట్టాలు, ఆ ఆలోచనే రాని కొట్టాలు అన్న విభజనతో క్షేత్రపరిశీలన జరిగితే, చిరువ్యాపారంలో నాయకత్వం గురించి రాజనీతి పద్యాల జాబితాల కంటే నమ్మదగిన సామగ్రి లభిస్తుంది. అందుకు పరిశోధకునికి కావలసినవి ఆముక్తమాల్యద వ్యాఖ్య ఒకటి, సుమతీశతకం ఒకటి, ఉదయగిరి వీధుల్లో యజమాని లేని వేళ పనివాళ్ళతో కూర్చొని మాట్లాడే ఓపిక ఒకటి. మూడవది విశ్వవిద్యాలయ గ్రంథాలయాలలో దొరకదు.